దీవిలో ఆరుగురు స్వాములు

2003 డిసెంబరు ఏడో తేదీ నాటికి నా దగ్గర రెండున్నాయి. మూడు రోజుల కిందట మెడలో పడిన అయ్యప్ప మాల ఒకటి. అండమాన్‌కి మా దంపతులిద్దరి పేరా వచ్చిన విమానం టిక్కెట్లు రెండోది. రెండూ కష్టపడి సంపాదించుకున్నవే. ఒకదానికొకటి పడదు, అంతే.

మాల సంగతి ముందు చెబుతాను. భీమవరంలో నాది రొయ్యల మేత డీలర్‌షిప్. డిసెంబరు వచ్చిందంటే మాకు పని ఉండదు. చలికి రొయ్య సరిగా మేత తినదు, జబ్బుల భయానికి రైతులు చెరువులు ఎండగట్టేస్తారు. షాపులో ఈగలు తోలుకుంటూ కూర్చునే ఆ రోజుల్ని ఊరికే పోనివ్వడం ఇష్టం లేక, ఏడేళ్ళుగా అయ్యప్ప దీక్షకి వాడుతున్నాను. నలభై ఒక్క రోజులు నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్ళు, తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, మడి వంట, బ్రహ్మచర్యం. ఖర్చు తక్కువ, గౌరవం ఎక్కువ. ముందురోజు దాకా "ఒరే తాతాజీ" అన్నవాడు మర్నాడు "స్వామీ" అని దణ్ణం పెడతాడు.

ఆ నలభై ఒక్క రోజులూ మా ఆవిడ పాపాయి కూడా దీక్షలో ఉన్నట్టే. కాకపోతే ఆవిడకి మాల ఉండదు. మూడున్నరకి లేచి, ఇల్లు కడిగి, తలస్నానం చేసి, విడిగా పెట్టిన గిన్నెల్లో ఉల్లీ వెల్లుల్లీ లేని వంట మొదలుపెట్టాలి. మధ్యాహ్నం నేను వెంటబెట్టుకొచ్చే స్వాములకి భిక్ష వడ్డించాలి. స్వాములకి అన్నం పెడితే పుణ్యం కాబట్టి ఎంతమంది దొరికితే అంతమందిని తెస్తాను. ఆ పుణ్యం ఇద్దరిలో ఎవరి పేరున రాస్తారో నేనెప్పుడూ వాకబు చేయలేదు.

ఇక టిక్కెట్లు. ఆ ఏడాది నాలుగు వందల టన్నుల మేత అమ్మిన డీలర్లందర్నీ భార్యాసమేతంగా అండమాన్ తీసుకెళ్తామంది కంపెనీ. డిసెంబరు పద్దెనిమిది నుంచి నాలుగు రాత్రులు, సముద్రం ఒడ్డున కాటేజీలు. రంగుల కాగితం ఒకటి పంపారు. ఎముకలు కొరికే చలి నుంచి పారిపోయి వెచ్చని దీవిలో మీ తొలినాళ్ళను మళ్ళీ చవిచూడండి అని ఉంది దాని మీద. మా ఊళ్ళో చలంటే పొద్దున్నే చెవులకి తువ్వాలు చుట్టుకునేంత. తొలినాళ్ళంటే, పెళ్ళయిన నాలుగో రోజున నేను వరిగడ్డి లారీ ఎక్కి విజయవాడ వెళ్ళిపోయాను. చవిచూడడానికి పెద్దగా ఏం లేదు.

కంపెనీ ఏరియా మేనేజరు గణేష్‌బాబుకి ఫోన్ చేశాను.

"టిక్కెట్ల బదులు ఇంకేదైనా ఇస్తారాండి? ఫ్రిజ్ లాంటిది?"

"ఇవ్వరు తాతాజీ గారూ. జంటగా వెళ్ళాలి, లేదంటే వదులుకోవాలి."

"మాలలో ఉన్నానండి మరి."

"జంటగా వెళ్ళాలన్నారు గానీ, వెళ్ళి ఏం చేయాలో కంపెనీ చెప్పలేదు కదండీ," అని నవ్వాడు.

మా గురుస్వామి సత్తిరాజు గారిని అడిగాను. నాకు మాల వేసినది ఆయనే. మాల మధ్యలో తీయడం కుదరదన్నారు. దీవికి వెళ్ళకూడదని మాత్రం ఏ నియమంలోనూ లేదన్నారు. ఆఖర్న గొంతు తగ్గించి, "మాత తేదీలు చూసుకున్నారా స్వామీ?" అన్నారు. దీక్షలో ఉన్నవాడు నెలసరిలో ఉన్న ఆడమనిషి ఉన్నచోట ఉండకూడదు, ఆమె చేతి వంట తినకూడదు. మా ఇళ్ళల్లో ఆ ఐదు రోజులూ భార్యనైనా పంపేస్తారు, భర్తయినా స్వాములంతా పూజ చేసుకునే పీఠంలో పడుకుంటాడు. నేను లెక్క చూసుకున్నాను. పదకొండున వస్తుంది, పదహారుకి తలస్నానం అయిపోతుంది. మళ్ళీ జనవరి ఎనిమిది దాకా భయం లేదు. లెక్క ప్రకారమే పదకొండున వచ్చింది కూడా.

అప్పటికీ నేను ఊగుతూనే ఉంటే పాపాయే తేల్చింది.

"నాకు కొబ్బరిచెట్లు చూడాలని లేదండి. దొడ్లో ఆరున్నాయి. నాలుగు రోజులు పొయ్యి మొహం చూడకుండా, 'పాపాయీ' అని ఎవరూ పిలవకుండా ఒకచోట కూర్చోవాలి. పెళ్ళయి పందొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళలో నేను ఏదైనా అడిగానా?"

"ఎవరూ అంటే నేను కూడానా?" అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు.

అలా బయల్దేరాం. సామాన్లలో ఒక కరెంటు కుక్కరు, కొత్త స్టీలు గిన్నెలు ఐదు, అక్కడా స్వాములెవరైనా తగులుతారేమోనని పదిహేను కేజీల బియ్యం, ఉప్మా రవ్వ, కందిపప్పు, చింతపండు, పోపుల డబ్బా సర్దించాను. పాపాయి ఆ కుక్కరు వంక చాలాసేపు చూసింది.

"పొయ్యి వద్దన్నాను కదండీ."

"ఇది పొయ్యి కాదు కదా. ప్లగ్గు పెట్టడమే."

చెన్నై విమానాశ్రయంలో చూస్తే ఇరవై రెండు జంటల్లో నాతో కలిపి ఆరుగురు నల్లబట్టల్లో ఉన్నారు. మా డీలర్లందరికీ పనిలేని కాలం అదే కదా. ఆకివీడు డీలరు బుజ్జిబాబు దూరం నుంచే "స్వామియే" అని అరిచాడు. మేం "శరణమయ్యప్ప" అన్నాం. ఎదురుగా ఉన్న తెల్లవాళ్ళు మా ఫొటో తీసుకున్నారు. ఐదుగురు స్వాములూ ఒట్టి చేతులతో వచ్చారు. అరటిపళ్ళు తిని ఉంటామన్నారు. వినేసరికి నా మనసు ఆగలేదు.

"అదేం మాట స్వాములూ! మా మాత ఉండగా అరటిపళ్ళేంటి? రెండుపూటలా భిక్ష మా గదిలోనే."

పాపాయి పక్కకి తిరిగి గాజు తలుపులోంచి విమానాలు చూస్తోంది. వినలేదనుకున్నాను.

పోర్ట్‌బ్లెయిర్ నుంచి రెండున్నర గంటలు పడవలో వెళ్తే వస్తుంది ఆ దీవి. కాటేజీ తలుపు తీస్తే మంచం నిండా ఎర్రపూలు. మధ్యలో తువ్వాళ్ళతో చేసిన రెండు హంసలు ముక్కూ ముక్కూ ఆనించుకుని ఉన్నాయి. నేను కింద చాప పరుచుకున్నాను. పాపాయి హంసల్ని విడిపోకుండా రెండు చేతులతో ఎత్తి కుర్చీలో పెట్టి, కొంగు దోపి, ప్లగ్గు ఎక్కడుందని అడిగింది.

కుక్కరు పెట్టిన ఐదు నిమిషాలకి మా వరసలో కాటేజీలన్నిటికీ కరెంటు పోయింది. హోటలు వాళ్ళొచ్చి తీగ పీకేసి, ఇంకోసారి పెట్టవద్దని దణ్ణం పెట్టారు. కావాలంటే వాడుకోమని బొగ్గుల పొయ్యి ఒకటి తెచ్చారు. అది మాంసం కాల్చేది. మాకు పనికిరాదు. చివరికి కాటేజీ వెనక మూడు రాళ్ళు పెట్టి, ఎండు కొబ్బరిమట్టలతో పాపాయి పొయ్యి వెలిగించింది. కళ్ళు తుడుచుకుంటూ ఆరుగురికి ఉప్మా చేసింది. అందరం బాగుందన్నాం.

మర్నాడు పొద్దున్న అడుగున అద్దం ఉన్న పడవలో అందర్నీ పగడాల దిబ్బలు చూపించడానికి తీసుకెళ్ళారు. స్వాములమూ వెళ్ళాం, దానికి నిషేధం లేదు. పాపాయి రాలేదు. మేం తిరిగొచ్చేసరికి పప్పు, సాంబారు, రెండు కూరలు, పాయసం సిద్ధంగా ఉండాలి కదా.

"సాంబారు బ్రహ్మాండం మాతా!" అన్నాడు బుజ్జిబాబు, మూడోసారి వడ్డించుకుంటూ. "రాత్రికి పులిహోర కలిపితే మీకు కోటి పుణ్యం."

"పడవలో ఏం చూశారు?" అంది పాపాయి.

"ఏముంది మాతా, చేపలు. మన చెరువుల్లో లేనివా?"

సాయంత్రం వరండాలో ఆరుగురం కూర్చుని భజన మొదలుపెట్టాం. రెండో పాట మధ్యలో పాపాయి మెట్లు దిగి, చరచరా నడిచి, దూరంగా ఇసుకలో నిలబడింది.

"స్వామీ, పాట ఆపండి. నేను బయట చేరాను. ఇక ఎవరూ గదిలోకి వెళ్ళకండి."

ఆరుగురం ఒక్కసారి లేచాం. బుజ్జిబాబు చేతిలో తాళాలు కింద పడ్డాయి.

"మరి గిన్నెలు?" అన్నాడు.

"అన్నీ తాకానండి. బియ్యం బస్తా కూడా."

నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదకొండు నుంచి పందొమ్మిదికి ఎనిమిది రోజులు. అది అబద్ధమని నాకు ఆ నిమిషంలోనే తెలిసింది. నాకు తెలిసినట్టు పాపాయికీ తెలిసింది, ఎందుకంటే తను నా వేళ్ళ వంకే చూస్తోంది. కానీ అది సరుకు కాదు, బస్తా విప్పి చూపించమనడానికి. ఐదుగురు స్వాముల ఎదుట ఏ మొగుడు సాక్ష్యం అడుగుతాడు? పైగా నిజమైతే? నలభై ఒక్క రోజుల దీక్షలో పదిహేను రోజులు అప్పుడే పెట్టి ఉన్నాను. అనుమానం మీద అంత పెట్టుబడి పోగొట్టుకునే మనిషిని కాను. చాప, చెంబు తీసుకుని బయటికి వచ్చేశాను.

మాకు చోటిచ్చింది అప్పారావు. శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఆ దీవిలో పడవ నడుపుకుంటున్నవాడు. ఒంటిమనిషి. పడవల రేవు పక్కన అతనికి ఒక రేకుల షెడ్డు ఉంది. మా ఆరుగుర్నీ చూసి, ఇసుక తుడిచి చోటు చేశాడు.

బుజ్జిబాబు ధైర్యం చెప్పాడు. "ఏం కంగారు లేదు స్వాములూ. మా హారతి ఉంది కదా. పొద్దున్నే బజార్లో కొత్త గిన్నెలు కొనిస్తే తను వండుతుంది."

పొద్దున ఏడింటికి భార్యకి ఆ మాట చెప్పడానికి వెళ్ళాడు. ఏడుంపావుకి తిరిగొచ్చాడు.

"హారతి కూడా బయట చేరింది స్వామీ."

రెండో స్వామి తన భార్య పేరు చెప్పాడు. ఆవిడ తొమ్మిదింటికి చేరింది. మూడో ఆవిడకి కబురు వెళ్ళీ వెళ్ళకముందే చేరింది. మిగతా ఇద్దర్నీ ఎవరూ వండమని అడగనే లేదు. అయినా మధ్యాహ్నానికి వాళ్ళే చెప్పి పంపారు.

"సముద్రపు గాలి స్వామీ," అన్నాడు బుజ్జిబాబు విచారంగా. "ఆడవాళ్ళకి పడదంట."

కొత్త గిన్నెలు, బియ్యం, పప్పు కొన్నాం కాబట్టి, ఉన్నది మేమే కాబట్టి, మేమే వండాం. మేము ఆరుగురం కలిసి ఏడాదికి మూడు వేల టన్నుల మేత అమ్ముతాం. ఏ వయసు రొయ్యకి ఏ పూట ఎంత మేత వేయాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. ఆరుగురు మనుషులకి ఎన్ని బియ్యం పోయాలో ఎవరికీ తెలియదు. పదింటికి పొయ్యి మీద పెట్టిన అన్నం ఒంటిగంటకి దిగింది. అడుగు మాడింది, మధ్య ముద్దయింది, పైన పలుకు. పప్పు ఉడకనే లేదు. అప్పారావు గడప మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏటి బాబూ, ఆరుగురు సామూలున్నారు, ఒక్కడికీ గంజి వార్చడం రాదేటి? మీ ఆడోలు ఎల్లిపోతే మీరు ఎలాగ బతుకుతారు?"

నోట్లో అన్నం ఉంది, అది అంత తొందరగా మింగుడుపడేది కాదు.

మధ్యాహ్నం టెలిఫోన్ బూత్‌కి వెళ్ళి సత్తిరాజు గారికి ఫోన్ చేశాను. తేదీ కాని తేదీన ఇలా వస్తుందా, ఒకే చోట ఆరుగురికి వస్తుందా అని అడిగాను.

"నాకు తెలియదు స్వామీ. ఇంట్లో మాతని అడిగి చెబుతాను, లైన్లో ఉండండి."

ఫోన్ ఆయన భార్య సూరమ్మ గారి చేతికి వెళ్ళింది. ఆవిడకి అరవై ఏళ్ళు ఉంటాయి. ఇరవై ఏళ్ళుగా గురుస్వామి ఇంటి పొయ్యి ఆవిడదే.

"బాబూ, మీ ట్రిప్పు మొత్తం ఎన్ని రోజులు?"

"నాలుగు రాత్రులండి. రెండు అయిపోయాయి."

"అయితే మిగతా రెండూ ఉంటుంది నాన్నా. తగ్గదు." కాస్త ఆగి, "అక్కడ బాగుంటుందా? ఎంతవుతుందేంటి మనిషికి?" అంది.

ఆ సాయంత్రం కాటేజీల వైపు వెళ్ళాను. ఇరవై గజాల దూరంలో ఆగాను. పాపాయి వరండాలో పేము కుర్చీలో కూర్చుని ఉంది. కాళ్ళు ఇంకో కుర్చీ మీద పెట్టుకుంది. పక్కన టీ కప్పు, పళ్ళెంలో వేయించిన రొయ్యలు. హోటల్లో ఒక్కరికీ తెలుగు రాదు, ఆవిడకి ఇంకో భాష రాదు. బొమ్మలున్న కార్డు మీద వేలు పెట్టి చూపిస్తే తెస్తున్నారట, అది తర్వాత తెలిసింది. అవతలి వరండాల్లో మిగతా ఐదుగురూ అలాగే ఉన్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కూడా లేదు. సముద్రం చూస్తున్నారు.

"పాపాయీ," అన్నాను.

"పిలవకండి."

"తేదీ కాదు కదా?"

"స్వాములు ఆడవాళ్ళ తేదీలు లెక్కపెట్టుకోవాలని ఏ నియమంలో ఉందండి?"

"నిజం చెప్పు. నేనెవరికీ చెప్పను."

ఆవిడ కప్పు కింద పెట్టింది.

"నిజం కావాలంటే వినండి. మీకు నలభై ఒక్క రోజులు నియమం ఉంది. దాన్ని ఎవరూ కాదనరు. నాకు నెలకి ఐదు రోజులు ఉంది. ఇంటిల్లిపాదీ 'దాన్ని ముట్టుకోకండి, పని చెప్పకండి' అనేది ఆ ఐదు రోజులే. నాకు తెలిసిన దారి అదొక్కటే ఉంది. మీరు ఇంకోటి చూపించండి, లోపలికి రండి, ఇప్పుడే పులిహోర కలుపుతాను."

నేను ఇంకో దారి కోసం నిజంగానే ఆలోచించాను. ఇసుకలో గవ్వలు కాళ్ళకి గుచ్చుకుంటున్నాయి.

"అన్నం మాడిపోయింది," అన్నాను చివరికి.

"ఎన్ని నీళ్ళు పోశారు?"

"గిన్నెడు."

"ఎన్ని బియ్యానికి?"

"గిన్నెడు."

"రెండు గిన్నెలు పొయ్యండి. ఉడుకు పట్టాక మంట తగ్గించండి. పప్పు ముందు నానబెట్టుకోండి." మళ్ళీ కాళ్ళు కుర్చీ మీద పెట్టుకుంది. "ఇంక వెళ్ళండి స్వామీ. మీరు మాట్లాడుతుంటే సముద్రం వినపడట్లేదు."

వెళ్ళాను. మర్నాడు అన్నం ఫరవాలేదు.

ఆఖరి రోజు పొద్దున, మా వెంట వచ్చిన గణేష్‌బాబు కంపెనీ పత్రిక కోసం జంటలందర్నీ ఒడ్డున నిలబెట్టి ఫొటో తీయించాడు. పదహారు జంటలు చేతులు పట్టుకుని నిలబడ్డాయి. మా ఆడవాళ్ళు ఆరుగురూ ముందు వరస కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ళ మొగుళ్ళని కూడా రమ్మన్నాడు. రాలేమన్నాం. అయితే కనపడేలా ఎక్కడో ఒకచోట నిలబడమన్నాడు. కొబ్బరిచెట్ల కింద నిలబడ్డాం. ఆ పత్రిక ఇప్పటికీ నా షాపులో ఉంది. చూసినవాళ్ళు ముందు కూర్చున్న ఆడవాళ్ళెవరో పెద్ద డీలర్లు అనుకుంటారు. వెనక ఆ నల్లటి మచ్చలు ఏంటని అడుగుతారు.

తిరుగు ప్రయాణంలో పాపాయి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. ఇరవై నాలుగున భీమవరంలో తలస్నానం చేసి, వంటింట్లోకి వెళ్ళి, ఏమీ జరగనట్టు పొయ్యి వెలిగించింది. ఆ తర్వాత నా దీక్ష ఏ ఆటంకం లేకుండా సాగింది. జనవరి ఎనిమిదిన ఆవిడకి అసలు తేదీ వచ్చింది, నేను పీఠానికి వెళ్ళాను.

అంతకుముందు జనవరి రెండున మా ఇంట్లో నలభై మంది స్వాములకి భిక్ష ఉంది. దానికి మాత్రం వీరాస్వామి అనే వంటమనిషిని కుదిర్చాను. పాపాయి ఆశ్చర్యపోయింది. ఇందులో జాలి ఏమీ లేదని ఆవిడకి చెప్పాను. నలభై విస్తళ్ళు పరిచాక వంట చేసే మనిషి ఉన్నట్టుండి బయట చేరితే నా పరువేం కావాలి? వీరాస్వామికి ఆ బాధ లేదు. వ్యాపారంలో ఇలాంటి జాగ్రత్తలు తప్పవు. ఆవిడ ఊఁ అని ఊరుకుంది. భిక్ష రోజున ముందుగదిలో కుర్చీ వేసుకుని కూర్చుని, వీరాస్వామి సాంబారులో ఉప్పు తక్కువైందని చెప్పింది.

మొత్తం తేల్చి చూసుకుంటే ఇంతే. కంపెనీ ఇచ్చింది ఇద్దరు మనుషులకి నాలుగు రాత్రుల విడిది. అందులో నేను వాడుకున్నది ఒక్క రాత్రి, అది కూడా నేల మీద. మిగతా మూడూ పాపాయి వాడుకుంది. ఏదీ వృథా పోలేదు. నా దీక్ష చెడలేదు. మా ఆరుగురికీ అన్నం వండడం వచ్చింది, ఇంట్లో ఆ సంగతి ఎక్కువ చెప్పుకోను. ఇక ఆవిడ వైపు. మొన్నొక రోజు మాటల మధ్య, అక్కడ రోజూ ఎన్నింటికి లేచేదానివని అడిగాను. ఎనిమిదిన్నరకి అంది. ఇన్నేళ్ళ కాపురంలో పాపాయి ఎనిమిదిన్నర దాకా పడుకున్న పొద్దుటిపూటలు మూడంటే మూడు, ఆ మూడూ ఆ దీవిలోవే. నాలుగు వందల టన్నులు అమ్మినది నేను కాబట్టి ఆ మూడు కూడా నా సంపాదనలోకే వేసుకున్నాను.